ఐదో పట్టీ

"చంపింది మీరే. కోడలు కాదు, ముసలాయన రోగం కూడా కాదు. తయారు చేసినవాడు, మోసుకొచ్చినవాడు, అమ్మినవాడు, ముగ్గురూ కలిసి చంపారు. అందులో నీ వాటా ఎంతో తేల్చుకుపోదామని వచ్చాను. తలెత్తు!"

మందుల షాపాయన తలెత్తలేదు. కౌంటర్ మీద ఉన్న కత్తెరను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మందు కొనడానికి వచ్చిన ఇద్దరూ మెల్లగా జారుకున్నారు.

తలెత్తమన్న ఆమెకి యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళు వార్డులో నర్సుగా చేసింది. ఒక పెద్ద డాక్టరు చేసిన తప్పును కేసు షీటులో ఉన్నదున్నట్టు రాసినందుకు ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచి మందుల వల్ల పోయినవాళ్ళ కేసుల్లో నిజం తవ్వి తీయడమే ఆమె పని. వెనకాల అందరూ పల్లేరు అంటారు. పల్లేరుగాయ గుచ్చుకుంటే ఎంతటివాడైనా ఒంటికాలి మీద ఆగాల్సిందే కదా! ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడ్డా కోపం రాలేదు.

"బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి నీకు ఫోన్ వచ్చింది. ఆ కోడలు ఏమంది?"

"మామగారు మత్తుగా ఉన్నారంది. ముక్కు గోక్కుంటున్నారంది. కళ్ళల్లో పాపలు ఆవగింజంత అయ్యాయంది."

"నువ్వేమన్నావ్?"

షాపాయన కత్తెర పక్కకి నెట్టాడు. "నొప్పి తగ్గినట్టుంది, పడుకోనివ్వమ్మా అన్నాను."

"పడుకోనిచ్చింది. తెల్లారి ఆయన లేవలేదు."

అది ఎముకల్లో క్యాన్సర్ పాకినవాళ్ళకి వేసే నొప్పి పట్టీ. అరచేతిలో సగం కూడా ఉండదు. రెండు పల్చటి పొరల మధ్య జిగురులాంటి మందు ఉంటుంది. మార్ఫిన్ దాని ముందు పసిపిల్ల. ఆ మందు మూడు రోజుల పాటు చర్మంలోంచి కొంచెం కొంచెంగా దిగాలి. ఎక్కువ దిగిందా, మనిషి ఊపిరి తీసుకోవడమే మర్చిపోతాడు. గొడవ చేయడు, గింజుకోడు. హాయిగా నిద్రపోతున్నాడనుకుని పక్కవాళ్ళు దుప్పటి కప్పుతారు.

"ఆ బ్యాచ్‌వి నీ దగ్గర ఇంకా ఎన్ని పెట్టెలున్నాయి?"

"పదకొండు మేడమ్. పన్నెండుండేవి. పొద్దున తొమ్మిదికి ఒకటి పోయింది."

పల్లేరు చెయ్యి కౌంటర్ మీద ఠప్పున పడింది. "ఎవరికి?"

"ఒక పెద్దావిడ. డాక్టరు చీటీ తెచ్చింది, ఇచ్చాను."

"పేరు? ఫోను?"

"రాసుకోలేదు."

"ఈ మందుకి రాయాలా వద్దా?"

"రాయాలి." గొంతు పీలగా వచ్చింది. "ఇంకోటి కూడా చెప్తాను, నన్ను మాత్రం కాపాడండి. పోయిన నెల కంపెనీ మనిషి వచ్చి ఇదే బ్యాచ్‌వి రెండు పెట్టెలు పట్టుకుపోయాడు. అట్ట నలిగిందన్నాడు. నలగలేదు మేడమ్. నేను చూశాను."

"చూసి నోరు మూసుకున్నావ్. సరే. ఆ పదకొండూ లోపల పెట్టి తాళం వెయ్. ఆ చీటీ రాసిన డాక్టరెవరో పట్టుకుని, పెద్దావిడ ఇల్లు కనుక్కో. మూడింటికల్లా నాకు ఫోన్ రావాలి. రాకపోతే నేనే వస్తాను."

అప్పుడు టైము పన్నెండూ ఇరవై.

ఒంటిగంటా ఐదుకి ఆమె చనిపోయిన పెద్దాయన ఇంటి మూడో అంతస్తు ఎక్కింది. ఆయన బతికినన్నాళ్ళూ లిఫ్టులు బాగుచేశాడు. ఆయనున్న ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. కొడుకు ఆరేళ్ళ కిందటే రోడ్డు ప్రమాదంలో పోయాడు. కోడలు పుట్టింటికి పోకుండా మామగారి దగ్గరే ఉండిపోయింది. బస్సు డిపోలో టైమ్ కీపర్. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి బయల్దేరింది అని రోజంతా రాయడమే ఆమె ఉద్యోగం.

తలుపు తీసింది ఆ కోడలు కాదు, చనిపోయినాయన కూతురు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"నువ్వెవరి తరఫు?" అంది.

"చనిపోయినాయన తరఫు."

"అయితే లోపలికి రా. మా వదిన తరఫంటే గడప దాటనిచ్చేదాన్ని కాదు. మూడింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి తీసుకుపోతాడు దాన్ని. రెండు పట్టీలు అంటించి చంపింది మా నాన్నని. దాని చేతి మంచినీళ్ళు కూడా నేను ముట్టను."

లోపల కోడలు కుక్కిన పేనులా గోడకి ఆనుకుని కూచుంది.  

"అమ్మాయ్, పట్టీల సంగతి చెప్పు. మొదట్నుంచీ."

కోడలు ఒక పొడుగాటి పుస్తకం తెచ్చి ఇచ్చింది. డిపోలో వాడే పుస్తకమే. అవే గడులు.

"గురువారం పొద్దున ఏడూ పదికి మొదటిది వేశాను. ఆదివారం ఏడూ పదికి దాన్ని తీసి రెండోది. బుధవారం ఏడూ పదికి మూడోది. తీసినవాటిని మధ్యకి మడిచి, బాత్రూంలో వేసి నీళ్ళు కొట్టాను. పెట్టెలో వచ్చిన కాగితంలో అలాగే ఉంది." ఆగింది. "బండి వేళ తప్పినా మామయ్య పట్టీ వేళ తప్పలేదండీ."

పల్లేరు బుధవారం పేజీ చదివింది. ఒకటీ పావు: తినలేదు, నిద్ర. నాలుగు: ముక్కు గోకుతున్నారు. తొమ్మిదిన్నర: పిలిస్తే పలికారు, పాపలు చిన్నవి, షాపుకి ఫోన్. తర్వాత గురువారం. ఐదూ నలభై: చల్లగా ఉన్నారు.

ఆ కింద ఇంకో గీత. ఆరూ నలభై: పెట్టెలో మిగిలినవి రెండు.

"మనిషి పోయిన గంటకి పట్టీలు లెక్కపెట్టావా!"

"చేతులు ఊరుకోలేదండీ. ఏదో ఒకటి రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది."

ఆ లెక్క చాలా సులువు. పెట్టెకి ఐదు. వాడినవి మూడు, మిగలాల్సినవి రెండు. కానీ ఎనిమిదిన్నరకి వచ్చిన పోలీసులు పంచనామాలో రాసింది "ఒకటి" అని. ఐదో పట్టీ లేదు. ఆ లేని పట్టీ మీదే కేసంతా నిలబడింది. ఒకేసారి రెండు అంటించింది, పోయాక ఒకటి పీకేసింది, అందుకే లెక్క తగ్గింది. కంపెనీ వాదన అది. వాడినవాళ్ళ తప్పైతే కంపెనీ మీద దావా నిలవదు, పరిహారమూ లేదు. కోడలికి జైలు, కంపెనీకి హాయి.

"ఆరూ నలభై నుంచి ఎనిమిదిన్నర దాకా ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారు?"

"నేను, ఈ వదిన. పెట్టె మీద నంబరుంటే ఆరూ యాభైకి ఫోన్ చేసి, పట్టీ వల్ల ఇలా అవుతుందా అని అడిగాను. ఏడూ ముప్పై ఐదుకి కంపెనీ తరఫున ఒకాయన వచ్చారు. ఏడూ యాభై ఐదుకి వెళ్ళారు." పుస్తకంలో అదీ రాసుంది.

"పాపం ఆయన మంచివాడు," అంది ఆడపడుచు. "నడుం పట్టుకుని, అమ్మా అబ్బా అంటూ మూడంతస్తులు ఎక్కొచ్చాడు. నాన్న మంచం పక్కన కాసేపు ఒక్కడే కూచుని దణ్ణం పెట్టుకుంటానన్నాడు."

పల్లేరు చేతులకి తొడుగులు వేసుకుని మంచం దగ్గరికెళ్ళింది. దుప్పటి చూసింది, దిండు చూసింది. బాత్రూంలో ఉతక్కుండా పడేసిన పెద్దాయన బనీను బకెట్లో ఉంది. తీసి వెలుతురుకి పట్టింది. ఎడమ భుజం వెనక వేలెడంత మేర గుడ్డ అట్టలా బిగుసుకుపోయి ఉంది. గంజి పెట్టినట్టు.

"పట్టీ ఎక్కడ అంటించావు?"

"అక్కడే. భుజం వెనక."

 లోపల ఉండాల్సిన మందు గుడ్డకి ఎలా అంటింది?

ఆ బనీనును ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కడుతుండగా మెట్ల మీద బూట్ల చప్పుడు. టకటకా, రెండేసి మెట్లు ఒక్కసారి. టైము ఒకటీ నలభై.

వచ్చినవాణ్ణి ఊళ్ళో వకీళ్ళందరూ ఇస్త్రీ అంటారు. కంపెనీల తరఫున కేసులు చల్లార్చే మనిషి. చొక్కా మీద ఒక్క మడత కనపడదు. మనిషి లోపల మాత్రం అన్నీ మడతలే.

"ఓహో, పల్లేరమ్మగారు! శవం వాసన తగిలితే చాలు, వాలిపోతారే."

"శవాన్ని తయారుచేసిన వాళ్ళ కూలీవి నువ్వు. నీకంటే గద్ద నయం."

ఇస్త్రీ నవ్వాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ముక్కు గోక్కున్నాడు. సంచిలోంచి ఒక కాగితం తీసి కోడలి ముందు పెట్టాడు.

"చూడమ్మా చెల్లీ, నిన్న పొద్దున వచ్చింది నేనేగా. పొరపాటున రెండు అంటించాను, కావాలని కాదు, అని ఉంది ఇందులో. సంతకం పెట్టావంటే ఇన్‌స్పెక్టర్‌తో నేను మాట్లాడతాను. అరెస్టుండదు. కంపెనీ కూడా నిన్ను క్షమిస్తుంది."

"క్షమిస్తుందా!" పల్లేరు గొంతు లేచింది. "పుండు చేసినవాడే కారం చల్లి పుణ్యం కట్టుకుంటాడట. సంతకం పెట్టకు అమ్మాయ్."

"అలాగే, పెట్టొద్దు." ఇస్త్రీ మాట మెల్లగా, సాగి వచ్చింది. "మూడింటికి బేడీలు వేయించుకోమనండి. ఐదులో మూడు పోతే రెండు. ఉన్నది ఒకటి. చంటిపిల్లకి కూడా వచ్చే లెక్క."

"ఆరూ నలభైకి రెండున్నాయని రాసుంది."

"ఆ రాసింది ఎవరు? ఆవిడే. దొంగ రాసిన పద్దు." మళ్ళీ ముక్కు గోక్కున్నాడు. ఎర్రగా అయ్యేదాకా గోక్కున్నాడు. "అమ్మా, కాసిని మంచినీళ్ళు. గొంతెండిపోతోంది."

కోడలు లేచింది. గ్లాసు ఇస్తూ అతని మొహంలోకి చూసింది. గ్లాసు వదల్లేదు. అలాగే నిలబడిపోయింది.

"ఏంటమ్మాయ్?"

"నాలుగు గంటలప్పుడు మామయ్య…" అంది. అంతే.  వేలితో పుస్తకం చూపించింది.

పల్లేరు ఇస్త్రీ ఎదురుగా వచ్చి వంగింది. కిటికీ తెర వేసుంది, గదిలో వెలుతురు అంతంత మాత్రమే. ఆ మసకలో మామూలు మనిషి కంటిపాప పెద్దదవ్వాలి. ఇస్త్రీ పాపలు సూదిమొనలంత ఉన్నాయి.



"ఇస్త్రీ, నీ నడుం నొప్పి ఎలా ఉంది?"

"అదెందుకు ఇప్పుడు…"

"నిన్న పొద్దున అమ్మా అబ్బా అంటూ ఎక్కావట. ఇవాళ రెండేసి మెట్లు దూకుతూ వచ్చావు. ఒక్క పూటలో ఆ నొప్పి ఎటు పోయింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఇస్త్రీ చెయ్యి దానంతటదే నడుం మీదకి పోయింది.

పల్లేరు ఇంక అడగలేదు. అతని చొక్కా వెనక కొస పట్టుకుని పైకి లాగేసింది. ఇస్త్రీ గుండీలు టపటపా తెగి నేలమీద దొర్లాయి.

నడుం మీద, వెన్నెముక పక్కన, పట్టీ!

ఆడపడుచు కెవ్వుమంది. కోడలు గ్లాసు వదిలేసింది.

ఐదో పట్టీ. కోడల్ని జైలుకి పంపే పట్టీ. పాపం ఈయన మంచివాడు, దణ్ణం పెట్టుకుంటానన్నాడు. పెట్టెలోంచి కొట్టేసి, లెక్క తప్పించి, ఆ తప్పిన లెక్కతోనే ఒక ఆడమనిషి మెడకి ఉరి పేనుతున్నాడు. పైగా పారేయడం దండగని తన నడుముకే అంటించుకున్నాడు.

అంతకంటే ఘోరం ఇంకోటుంది. పట్టీ కింది అంచు మూసుకోలేదు. పొరలు అతికించిన చోట చిన్న మడత. ఆ మడతలోంచి మందు కారి, నడుం మీద బెత్తెడు మేర తడిగా మెరుస్తోంది.

"ఎప్పుడు అంటించుకున్నావురా?"

"రాత్రి… తొమ్మిది…" ఇస్త్రీ తల ఒక పక్కకి వాలింది. "మామూలు నొప్పి పట్టీయేగా… నాకేం… నిద్రొస్తోంది…"

"నిద్రపోయావంటే ఇంక లేవవు! అమ్మాయ్, అంబులెన్సుకి ఫోన్ చెయ్. నొప్పి పట్టీ మందు ఒంట్లోకి ఎక్కువెక్కిందని, విరుగుడు ఇంజెక్షన్ తెమ్మని చెప్పు. నువ్వమ్మా, చెంబుతో నీళ్ళు! సబ్బు వద్దు, ఉత్త నీళ్ళు! ఆ తడి చేత్తో ముట్టుకోకు!"

తొడుగు చేతులతో పట్టీ ఊడబీకి సీసాలో వేసి మూత బిగించింది. ఆడపడుచు నీళ్ళు పోసింది. ఇస్త్రీని నేల మీద పడుకోబెట్టారు. పెదాలు నీలంగా తిరుగుతున్నాయి.

కోడలు ఫోన్ పెట్టేసి అతని పక్కన మోకాళ్ళ మీద కూచుంది. చేతి గడియారం చూస్తూ అతని ఛాతీ లెక్కపెట్టింది.

"నిమిషానికి ఆరు."

"పదికి తగ్గకూడదు. ఏయ్ ఇస్త్రీ! కళ్ళు తెరువ్! ఊపిరి పీల్చు! పీల్చమంటున్నానా!" చెంపలు వాయించింది పల్లేరు. ముక్కు మూసి, నోట్లోకి గాలి ఊదింది. జీవితంలో ఆ మనిషి నోటికి నోరు ఆనిస్తానని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

"ఐదు," అంది కోడలు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారి గడియారం మీద పడుతున్నాయి. "మామయ్యకి ఇలా ఎవరూ లెక్కపెట్టలేదండీ. నేను పక్కనే ఉన్నాను. దుప్పటి కప్పాను."

ఆడపడుచు ఆ మాట విని చెంబు కింద పెట్టింది. వదిన పక్కన కూచుని ఆమె చెయ్యి పట్టుకుంది. 

రెండూ ముప్పై ఎనిమిదికి అంబులెన్సు వచ్చింది. సూది వేసిన రెండు నిమిషాలకి ఇస్త్రీ నీళ్ళలోంచి తేలినవాడిలా ఒక్కసారి గుటకేసి ఊపిరి లాగాడు. ఇంకో సూది సిద్ధంగా పెట్టుకోండి, ఇది దిగిపోతే మళ్ళీ మునుగుతాడు అని పల్లేరు వాళ్ళకి చెప్పింది. వాళ్ళు అతన్ని స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తుండగా ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో అరెస్టు కాగితం. గదిలో తెగిన గుండీలు, నీళ్ళ మడుగు, నేల మీద ఇస్త్రీ చొక్కా.

"ఏం జరుగుతోందిక్కడ?"

పల్లేరు సీసా అతని కళ్ళ ముందు ఆడించింది. "నీ పంచనామాలో తగ్గిన పట్టీ. వీడి నడుం మీద దొరికింది."

ఇన్‌స్పెక్టర్ ఇస్త్రీ వైపు తిరిగాడు. ఇస్త్రీ తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగించాడు. అప్పుడే నేల మీద పడున్న అతని ఫోన్ మోగింది. తెర మీద కంపెనీ లాయరమ్మ అని ఉంది. పల్లేరు ఎత్తి, అందరికీ వినపడేలా పెట్టింది. పెదాల మీద వేలు పెట్టి అందర్నీ ఆపింది.

"ఏంటి, పొద్దున్నుంచీ పలకవు?" అంది అవతలి ఆడగొంతు. "సంతకం అయిందా? నిన్న తీసిన ఆ ఒక్క పట్టీ కాల్చేశావా లేదా? ఉత్త చేత్తో ముట్టుకోలేదు కదా? నిన్న చెప్పడం మర్చిపోయాను. అది కారే బ్యాచ్."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ వైపు ఒక అడుగు వేశాడు.

స్ట్రెచర్ మీంచి ఇస్త్రీ తల ఎత్తాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మర్చిపోయావా?" అన్నాడు.  "నాకు చెప్పడం మర్చిపోయావా!"

అవతల ఫోన్ కట్ అయింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితం కిందికి వాలింది.

పల్లేరు ఫోన్ మోగింది. మందుల షాపాయన. రొప్పుతున్నాడు. "మేడమ్, చీటీ రాసిన డాక్టరు దొరకలేదు. ఆసుపత్రివాళ్ళు ఆవిడ అడ్రసు ఇవ్వలేమంటున్నారు. పోలీసులొచ్చి అడిగితేనే ఇస్తారట."

తొమ్మిదికి కొన్నది. ఇప్పుడు మూడు. ఆరు గంటలు. ఆ పెద్దావిడ ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికి హాయిగా నిద్రపోతూ ఉంటారు. పక్కన ఎవరో దుప్పటి కప్పుతూ ఉంటారు.

పల్లేరు ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి అరెస్టు కాగితం లాక్కుని రెండు ముక్కలు చేసింది.

"నీ కేసు తర్వాత రాసుకో. నా మీద కూడా రాసుకో, కాగితం చింపానని. ఇప్పుడు చేయాల్సింది విను. షాపులో పదకొండు పెట్టెలున్నాయి, సీలు వెయ్. ఈ బ్యాచ్ ఎన్ని షాపులకి పోయిందో ఆ కంపెనీ గోడౌన్‌కి పోయి లిస్టు గుంజు. ఇచ్చేదాకా తలుపు దగ్గర్నుంచి కదలకు. ప్రతి షాపులోంచి, ప్రతి ఇంట్లోంచి, ప్రతి ఒంటి మీంచి ఈ పట్టీ ఇవాళే ఊడి రావాలి. రేపు కాదు, మీటింగులయ్యాక కాదు. అన్నిటికంటే ముందు ఆసుపత్రికి జీపు తియ్. ఆ పెద్దావిడ ఇల్లు ఎక్కడో నాకు పది నిమిషాల్లో కావాలి. నడువ్!"